మూడో అంతస్తుకు మన్ను

హొంగసంద్రలో మూడో అంతస్తు.
గీజరు నీళ్ళు కుతకుతమంటున్నాయంట, ఆగడం లేదంట.
థర్మోస్టాట్ పోయుంటాదని
ఎస్పీ రోడ్డులో కొత్తది కొని సంచిలో వేసుకుని పోయినా.
అరగంట పని. దిగేసి టీ తాగొచ్చు.

బాత్రూం గడప దగ్గర రబ్బరు చెప్పుల జత.
"ఇవి తొడుక్కునే నీళ్ళు పోసుకుంటానప్పా,
కొళాయి ముట్టుకుంటే చీమ కుట్టినట్లుంటాది"
అనింది సాకమ్మ,
కరిచే కుక్కకు దూరంగా ఎట్ల నడవాలో
పక్కింటోళ్ళకు చెప్పినట్లు.
ఎన్నాళ్ళుగా?
"శివరాత్రి నుంచి."
ఇప్పుడు కార్తీకం.

బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టుకున్న
నా పాత దీపం తీసినా.
ఒక కాలు ఫేజులో, ఒక కాలు పైనున్న పెద్ద బొక్కలో.
నిండుగా వెలిగింది.
ఎర్తు ఉంది అంటాంది దీపం.
మరి చీమ యాడిది?

ఎంసీబీ దించి, దించినాక మళ్ళీ చూసుకుని
సాకెట్టు విప్పినా.
పచ్చ తీగ లేదు.
న్యూట్రల్ నుంచి పక్క బొక్కలోకి గెంతిన
వేలెడు నల్ల తీగ ముక్క.
ఎవడో, ఏ సాయంత్రమో, ఆఖరి బస్సు తొందరలో,
అబద్ధానికి రంగైనా మార్చకుండా పోయినాడు.
కింద మీటరు కాడ ఒక్క స్క్రూ వదులైతే చాలు,
చీమ తేలయితాది.
తేలు తర్వాత ఏమయితాదో
సాకమ్మకు చెప్పలేదు.

ఓనరు రేవణ్ణ ఫోన్లో అడిగినాడు:
"ఆ తీగ లేకపోయినా నీళ్ళు కాగుతాయి కదా?"
కాగుతాయి.
ఫ్యాను తిరుగుతాది, టీవీ మాట్లాడతాది,
దాని లోటు దేనికీ తెలీదు.
ఇల్లు కట్టిన దినం నుంచి కూల్చే దినం దాకా
ఒక్కసారి కూడా దాంతో పని పడకుంటే
అంతకంటే బాగా అది పని చేసినట్లు లేదు.
ఇది కన్నడలో చెప్పను నాకు రాలేదు.
"మార్చకుంటే గీజరు ముట్టను సార్" అని మాత్రం అన్నా.

కదిరి మస్తాన్ వలి మేస్త్రీ
ఎడమ చేతి రెండు వేళ్ళు ముడుచుకునే ఉండేవి, నిద్రలో కూడా.
"భూమికి చెప్పకుండా కరెంటు పని చేయొద్దురా" అనేవాడు.
చెప్పడానికి భూమి యాడుంది ఈ బిల్డింగులో?
మెట్లు గ్రానైటు, వాకిలి టైల్సు, వీధి సిమెంటు,
మోరీ మీద బండలు.
తిరగ్గా తిరగ్గా
మోటారు రూముకూ కాంపౌండు గోడకూ నడుమ
కరివేపాకు చెట్టు చచ్చిపోయిన చోటు,
రెండు జానల మన్ను.

రెండు ఆదివారాలు తవ్వినా.
మూడడుగుల దాకా ఇటుక పెంకులు, పాల కవరు,
ఎవరి పాపదో ప్లాస్టిక్ గాజు.
ఆ కింద ఎర్రగా, చల్లగా
పిడికిలి పడితే పట్టినట్లే నిలిచే మన్ను.
పది కిలోల ఉప్పడిగితే
"ఊరగాయకా?" అన్నాడు అంగడాయన.
పైపు నిలబెట్టి, బొగ్గొక వరస, ఉప్పొక వరస,
పైన రెండు బిందెల నీళ్ళు.
అక్కడి నుంచి పచ్చ తీగ
నీళ్ళ పైపు పక్కనే గోడ పట్టుకుని
మూడంతస్తులు ఎక్కింది.
దొంగ ముక్క పీకేసినా. ఈఎల్‌సీబీ బిగించినా.
థర్మోస్టాట్ పది నిమిషాలు పట్టింది.

"ఎండాకాలం ఆ గుంతలో వారానికో బిందె పోయాల" అన్నా.
"ఏం నాటినావప్పా?" అనింది సాకమ్మ.

రేవణ్ణ థర్మోస్టాట్‌కిచ్చినాడు, తీగకిచ్చినాడు.
గుంతకు మాత్రం
"మన్ను నాదే కదా" అన్నాడు.

ఉగాది ముందు మిగిలిన కూలి అడగను పోతే
రబ్బరు చెప్పులు ఆ గడప దగ్గరే ఉన్నాయి.
"ఇప్పుడు కుట్టేది లేదు,
అలవాటు పోలేదంతే" అనింది.

దిగేటప్పుడు మోటారు రూము పక్కకు తొంగి చూసినా.
మన్ను తడిగా ఉంది.